థర్మల్ కెమెరా కొనే ముందు

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్లు, డి.ఏ. బకాయిలు, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడుకునే వేదిక మీద డ్రోన్ గురించి మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను పురమాయించారు. కారణం మీకు తెలుసు. సముద్రపు ఒడ్డు పాళేలలో బోటు తిరగబడి మనిషి కనిపించకుండా పోతే, రాత్రిపూట వెతకడానికి ఒక డ్రోన్ చేయించి ఇవ్వాలని పోయిన సమావేశంలో తీర్మానించాం. సంక్షేమనిధి నుంచి కొంత, సభ్యుల చందాలు కొంత. డ్రోన్ తయారుచేసేది మన సభ్యుల్లో ఒకరి అబ్బాయి, అతని స్నేహితుడు. 2022 ఫిబ్రవరి నుంచి విదేశీ డ్రోన్లను పూర్తిగా తయారైన రూపంలో దిగుమతి చేసుకోవడాన్ని, కొన్ని మినహాయింపులతో, కేంద్రప్రభుత్వం నిషేధించింది. విడిభాగాలకు ఆ నిషేధం లేదు. అందువల్ల మన కుర్రవాళ్ళు డ్రోన్ కట్టి, థర్మల్ కెమెరా మాడ్యూలు కొని, దాని పొట్ట కింద బిగిస్తారు.

ఆ మాడ్యూలుకి రెండు కొటేషన్లు వచ్చాయి. మొదటిది రెండోదానిలో మూడో వంతు ధర. "రెండూ వేడిని చూపించేవే కదండీ, తక్కువ రేటుకే ఇచ్చేద్దాం" అన్నారు చాలామంది. జీవితమంతా కంపారటివ్ స్టేట్‌మెంట్లు వేసినవాళ్ళం, అలా అనిపించడం సహజం. అయితే ఒకసారి ఆ పని చేసి దెబ్బతిన్నవాణ్ణి నేను. ముందు ఆ సంగతి చెబుతాను.

2011లో నేను సర్వీసులో ఉండగా లైన్ల జాయింట్లు పరీక్షించడానికి ఒక చేతి థర్మల్ కెమెరా కొన్నాం. స్పెసిఫికేషను రాసింది నేనే. ఎన్ని డిగ్రీల నుంచి ఎన్ని డిగ్రీల దాకా కొలవాలి, బ్యాటరీ ఎంతసేపు రావాలి, గ్యారంటీ ఎన్నేళ్ళు, అన్నీ రాశాను. ఎంత దూరం నుంచి ఎంత చిన్న వస్తువును చూడాలి అన్నది మాత్రం రాయలేదు. వచ్చిన కెమెరాలో అడ్డంగా 160, నిలువుగా 120 చుక్కలు. పన్నెండు మీటర్ల దూరాన దాని ఒక్కో చుక్క మూడు సెంటీమీటర్ల పైచిలుకు మేర కప్పుతుంది. మేం చూడవలసిన క్లాంపు నాలుగైదు సెంటీమీటర్లు. అంటే చుక్కన్నర. ఉష్ణోగ్రత నమ్మకంగా చెప్పాలంటే ఆ వస్తువు మీద అడ్డంగా మూడు, నిలువుగా మూడు చుక్కలైనా పడాలి. క్లాంపు వేడిలో వెనుక ఉన్న ఆకాశపు చల్లదనం కలిసిపోయి, కెమెరా తక్కువ అంకె చూపించింది. "నార్మల్" అని రిపోర్టు రాసి సంతకం పెట్టాను.

కొన్నాళ్ళకే తెల్లవారుజామున ఆ జంపరు తెగింది. లైను బాగయ్యేసరికి ఐదు గంటలు పట్టింది. చెరువు నీళ్ళలో ప్రాణవాయువు బాగా తగ్గే వేళ అదే. ఏరియేటర్లు ఆగిపోయాయి, ఒక రైతు జనరేటరు స్టార్టు కాలేదు. రెండు గుంటల రొయ్యలు తేలిపోయాయి. మధ్యాహ్నం ఆయన ఆఫీసుకొచ్చి, ఒక బుట్టెడు రొయ్యలు నా బల్ల మీద పెట్టి, ఒక్క మాట కూడా అనకుండా వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేది. కెమెరా మంచిదే, దాని తప్పేం లేదు. అడగవలసిన ప్రశ్న నేను అడగలేదు.

ఈసారి అడుగుదాం. మనం చూడవలసిన అతి చిన్న వస్తువు ఏది? నీళ్ళలో ఉన్న మనిషి తల. ఈ కెమెరాలకు నీటి లోపల ఏమీ కనిపించదు, పైపొర వేడి మాత్రమే అందుతుంది. ఒళ్ళంతా మునిగి ఉంటే తల ఒక్కటే ఆధారం. వెడల్పు ఇరవై సెంటీమీటర్లు అనుకోండి. డ్రోన్ అరవై మీటర్ల ఎత్తున ఎగురుతుంది అనుకుందాం.

లెక్క సులువే. ఈనాటి మాడ్యూళ్ళలో సెన్సారు మీది చుక్క సాధారణంగా 12 మైక్రాన్లు. దాన్ని ఎత్తుతో గుణించి, లెన్సు ఫోకల్ దూరంతో భాగిస్తే నేల మీద చుక్క ఎంతో వస్తుంది. 640 చుక్కల సెన్సారుకి 13 మిల్లీమీటర్ల లెన్సు పెడితే, అరవై మీటర్ల నుంచి ఒక్కో చుక్క అయిదున్నర సెంటీమీటర్లు. ఒక్కసారికి 35 మీటర్ల వెడల్పు సముద్రం కనిపిస్తుంది. తల మీద అడ్డంగా మూడు నాలుగు చుక్కలు పడతాయి. అదే 35 మీటర్లు 320 చుక్కల సెన్సారుతో చూడాలంటే సగం ఫోకల్ దూరం లెన్సు పెట్టాలి, తలకు రెండు చుక్కలు దక్కుతాయి. 160 చుక్కలదైతే ఒక చుక్క కూడా పూర్తిగా నిండదు.

1958లో జాన్ జాన్సన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త చెప్పిన లెక్క ఇప్పటికీ వాడుకలో ఉంది. ఏదో ఉన్నదని గుర్తించడానికి వస్తువు మీద రెండు చుక్కలు, అది ఎలాంటిదో తెలియడానికి ఎనిమిది దాకా కావాలి. కొబ్బరిబోండామా, వల బెండా, మనిషా అని తేల్చాలంటే కిందికి దిగి చూడాల్సిందే. అసలు ఏదో ఉందని తెలిస్తేనే కదా దిగేది! మన మొదటి కొటేషను 160 చుక్కలది. "కిలోమీటరు రేంజి" అని రాశారు, దేన్ని చూడటానికో రాయలేదు, లెన్సు ఎంతో కూడా రాయలేదు.

రెండో ప్రశ్న, ఎంత చిన్న తేడా పట్టగలదు? మంచి మాడ్యూలు డిగ్రీలో ఇరవయ్యో వంతు, అంటే 50 మిల్లీకెల్విన్ల తేడాను పసిగడుతుంది. అంత అవసరమా అంటారేమో. మన సముద్రం ఎప్పుడూ వెచ్చనిదే. చలిదేశాల ప్రకటనల్లో మనిషి దీపంలా వెలుగుతాడు, ఇక్కడ అలా వెలగడు. తడిసిన జుట్టు గాలికి చల్లబడుతుంది, ముఖం ఒక్కటే కాస్త వెచ్చగా ఉంటుంది. రెండు మూడు డిగ్రీల తేడా ఉంటే అదృష్టం. గాలిలో తేమ అందులో కొంత మింగేస్తుంది. మిగిలింది చుక్కలో పావు వంతే నిండితే అలల మెరుపులో కలిసిపోతుంది. ఒడ్డున ఇంకో చిక్కు. మే నెల మిట్టమధ్యాహ్నం మైపాడు ఇసుక మనిషి ఒంటి కంటే వేడి, అప్పుడు మనిషి నల్లగా కనిపిస్తాడు. పొద్దెక్కేటప్పుడొకసారి, పొద్దుగుంకాక ఒకసారి, ఇసుక వేడి మనిషి వేడితో సమానమయ్యే ఘడియ వస్తుంది. అప్పుడు ఎంత ఖరీదైన కెమెరాకైనా కనిపించడు.

మూడోది లెన్సు. మామూలు గాజులోంచి ఈ కిరణాలు పోవు, అందుకే జెర్మేనియంతో చేస్తారు. కెమెరా ధరలో దాని వాటా పెద్దది. చైనా 2023 ఆగస్టు నుంచి జెర్మేనియం ఎగుమతికి లైసెన్సు తప్పనిసరి చేసింది. మన ఉప్పుగాలికి లెన్సు ముందు గట్టి కార్బన్ పూత ఉండాలి, డబ్బాలోకి తేమ దూరకూడదు. ఇన్సులేటర్ల మీద ఉప్పు పేరుకుంటే మంచు పడే వేళ ఏమవుతుందో మన లైన్‌మన్లను అడగండి! ఇక్కడ ఇనుమే నిలవదు. ఇంకొకటి, కెమెరాను సూర్యుడి వైపు తిప్పకూడదు. సెన్సారు పాడవుతుంది.

నాలుగోది వేగం. సెకనుకు 9 బొమ్మలిచ్చేవి, 30 ఇచ్చేవి ఉంటాయి. ఎగుమతి ఆంక్షలు 9 లోపు వాటికి తక్కువ కాబట్టి అవి తేలికగా దొరుకుతాయి. నెమ్మదిగా వెతకడానికి 9 చాలు. అయితే ఈ సెన్సారుకి వేడెక్కి చల్లారడానికి సెకనులో వందో వంతు పడుతుంది. సెకనుకు పది మీటర్లు పోతే ఆ లోపు పది సెంటీమీటర్లు జరిగిపోతుంది, తల కాస్తా మరకై పోతుంది. అయిదు మీటర్లకు మించి పోకూడదు. మధ్యమధ్య కెమెరా తనను తాను సరిచూసుకోవడానికి లోపలి షట్టరు మూసుకుంటుంది, అరసెకను బొమ్మ ఆగుతుంది. అది పాడైందని కంగారు పడకండి.

అయిదోది బరువు. మాడ్యూలు కొన్ని గ్రాములే, కానీ లెన్సు, డబ్బా, ఊపు ఆపే గింబల్ కలిస్తే బరువు పెరిగి, ఎగిరే సమయం తగ్గుతుంది. ఉష్ణోగ్రత అంకెల్లో చెప్పే రకానికి ధర ఎక్కువ. లైన్లు పరీక్షించడానికైతే అది కావాలి, మనిషిని వెతకడానికి అక్కర్లేదు. డబ్బు మిగల్చాలంటే అక్కడ మిగల్చండి, చుక్కల దగ్గర వద్దు.

ఇంత చెప్పి ఇంకో నిజం దాచకూడదు. 35 మీటర్ల వెడల్పున, సెకనుకు అయిదు మీటర్ల చొప్పున, ఇరవై నిమిషాలు ఎగిరితే వెతికేది చదరపు కిలోమీటరులో అయిదో వంతు. సముద్రం ముందు అది ఎంత? నడిసముద్రంలో తప్పిపోయినవాళ్ళను వెతకడం కోస్ట్‌గార్డు పని. పెన్న సముద్రంలో కలిసే చోట, ఒడ్డుకు దగ్గరలో, అలలకు బోటు తిరగబడ్డ మొదటి గంటలో మాత్రమే మన డ్రోన్ పనికొస్తుంది. 2021 డ్రోన్ నియమాల ప్రకారం గ్రీన్ జోన్‌లోనైనా నాలుగు వందల అడుగులు దాటకూడదు. 2022 దాకా మన జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట వైపు అనుమతి లేనిదే ఎగరేయకూడదు.

1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను మనలో చాలామందికి జ్ఞాపకమే. థాయిలాండు సింధుశాఖ నుంచి వచ్చిందది. కూలిన లైన్లు ఎత్తడానికి వెళ్ళిన మేము, ఒడ్డున పెట్రోమాక్సు లైట్లు పట్టుకుని తమవాళ్ళ కోసం చీకట్లోకి చూస్తున్న ఆడవాళ్ళను చూశాం. ఆ లైటు వెలుగు ఎంత దూరం పోతుంది? వాళ్ళ చేతికి ఇంకో దీపం ఇవ్వబోతున్నాం. అది కూడా చూపించనిదైతే, "వెతికాం, లేడు" అని చెప్పి వెనక్కి వచ్చేస్తాం. 2011లో నేను రాసిన "నార్మల్" లాగే.

అందుకని కార్యవర్గానికి నా మనవి ఒక్కటే. ఆర్డరు ఇవ్వకముందు రెండు కెమెరాలూ తెప్పించండి. కార్తీకంలో ఒక రాత్రి, మెడలోతు నీళ్ళలో ఇద్దరు ఈతగాళ్ళను, నడుముకి తాడు కట్టి, పక్కన తెప్ప ఉంచి నిలబెడదాం. అరవై మీటర్ల నుంచి ఏది చూపిస్తే అది కొందాం. చవకది చూపిస్తే చవకదే. ఖరీదైనది కావలసివస్తే ఆ మిగతా మొత్తంలో నా వంతుగా ఒక నెల పెన్షన్ ఇస్తాను.