బీడు అనే మాటతో జాగ్రత్త
(సోమశిలలో పాల సంఘాల సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)



పెన్న మీది ఈ జలాశయం కోసం ఊళ్లు మునిగాయి. ఇక్కడి నీరు కండలేరు మీదుగా చెన్నై వరకు పోతున్నది. ఉదయగిరి మెట్ట రైతు మాత్రం ఇంకా వాన కోసం ఆకాశం వైపే చూస్తున్నాడు. మేలు ఒకరికి, భారం ఒకరికి కావడం మనకు కొత్త కాదు. ప్రమాదకరమైన కర్మాగారాలకు చోటు చూసేటప్పుడూ ఇదే జరుగుతుంది.

చోటు చూసేవారు ముందు వెదికేది బీడు భూమినే. కాగితం మీద అది బీడు. మనకు పశువుల మేత. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల భూములు పనికిరానివని చెప్పి థర్మల్ విద్యుత్ కేంద్రానికి కేటాయించారు. ఆ చిత్తడి నేలల మీద రైతులు, మత్స్యకారులు బ్రతుకుతున్నారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. ఆ నెలలోనే జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ కేంద్రానికిచ్చిన అనుమతిని రద్దు చేసింది. జనం మాట ముందే విని ఉంటే ఆ రెండు ప్రాణాలు దక్కేవి కదా!

పాలవారికి మరొక పాఠం విశాఖపట్నంలో ఉన్నది. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్.జి. పాలిమర్స్ ట్యాంకు నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. పశువులూ చనిపోయాయి. చుట్టూ 3 కిలోమీటర్లలోని పాలు వాడవద్దని నిపుణులు సూచించారు. గేదె బ్రతికినా పాడి పోయింది. మన కేంద్రంలో వెన్నశాతం చూస్తాము గాని, ఇటువంటి విషాన్ని పట్టే పరికరం మన దగ్గర లేదు.

కర్మాగారాలే వద్దని మేము అనడం లేదు. పాలు చల్లబరచడానికి మనకూ కరెంటు కావాలి. మన మేత భూమి పక్కన ఏమి వస్తున్నదో ముందుగా మనకు చెప్పాలని, మనల్ని అడగాలని మాత్రమే కోరుతున్నాము.

చట్టంలో దారి ఉన్నది. 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం పెద్ద ప్రాజెక్టులు చాలావాటికి ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటించాలి. ముసాయిదా నివేదికను పంచాయతీ కార్యాలయంలోనూ చూడవచ్చును. సభ చివర, నమోదైన అభిప్రాయాలను తెలుగులో చదివి వినిపించాలి. అయితే ఆ సభకు కోరం లేదు. మనం పోకపోయినా సభ జరిగినట్లే.

కనుక అటువంటి ప్రకటన వస్తే సంఘ కార్యదర్శి దానిని పాలకేంద్రం గోడకు అంటించాలి. ఎన్ని పశువులు ఎక్కడ మేస్తాయో, ఏ వాగులో నీళ్లు తాగుతాయో వ్రాసి సభలో ఇవ్వాలి. పాలు పోసే స్త్రీలు తప్పక రావాలి. పశువు సంగతి వారికే బాగా తెలుసు.

మన బీడు విలువ మనమే చెప్పాలని మనవి చేస్తున్నాము.