వృద్ధుల గడపదాకా క్యాన్సర్ వైద్యం



దక్షిణ రాయలసీమలో క్యాన్సర్ వైద్యానికి నేడున్న వసతి ఒక తరం కిందట లేదు. తిరుమల తిరుపతి దేవస్థానం పోషణలో తిరుపతిలో 1993లో సేవలు మొదలుపెట్టిన స్విమ్స్ ఆసుపత్రికి తోడు, దేవస్థానం కేటాయించిన స్థలంలో టాటా ట్రస్టులు చేపట్టగా 2018లో శంకుస్థాపన జరిగిన శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ ఆసుపత్రి 2022 మే నెలలో ప్రారంభమైంది. అంతకుముందు ఈ ప్రాంత రోగులు వేలూరు సీఎంసీకో, ముత్తులక్ష్మీ రెడ్డి కృషితో 1954లో చెన్నై అడయారులో వెలసిన క్యాన్సర్ సంస్థకో, బెంగళూరు కిద్వాయి క్యాన్సర్ సంస్థకో వెళ్లేవారు. ఇప్పటికీ ఎందరో వెళ్తూనే ఉన్నారు. దీనికి అలవాటొక్కటే కారణం కాదు. చిత్తూరుకు వేలూరు సుమారు గంట ప్రయాణం, కుప్పానికి తిరుపతి కంటే బెంగళూరే దగ్గర. 2022 ఏప్రిల్‌లో ఉమ్మడి చిత్తూరు జిల్లా విడిపోయి పాలనా సరిహద్దులు మారాయి గాని రోగులు పోయే దారులు మారలేదు. కాబట్టి మూడు రాష్ట్రాల ఆసుపత్రుల మధ్య రోగి కాగితాలు, బయాప్సీ నివేదికలు, బీమా అనుమతులు సాఫీగా సాగే ఏర్పాటు లేనిదే ఇక్కడి ప్రాంతీయ ప్రణాళిక సంపూర్ణం కాదు.

క్యాన్సర్ ప్రధానంగా వయసుతో పెరిగే వ్యాధి. కణవిభజనలో జరిగే పొరపాట్లు దశాబ్దాల తరబడి పోగుపడటమే దీనికి ముఖ్య కారణం గనుక, ప్రజల ఆయుర్దాయం పెరిగినకొద్దీ రోగుల సంఖ్య కూడా పెరుగుతుంది. 2011 జనగణన నాటికే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అరవై ఏళ్లు దాటినవారు 9.8 శాతం కాగా, దేశ సగటు 8.6 శాతం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో ఒక స్త్రీకి సగటు సంతానం 1.7 మాత్రమే. అంటే రోగులయ్యే పెద్దల సంఖ్య పెరుగుతుండగా, వారిని ఆసుపత్రికి తీసుకువెళ్లగల బిడ్డల సంఖ్య తగ్గుతోంది. ఆ ఉన్న బిడ్డల్లోనూ అనేకులు బెంగళూరులోనో చెన్నైలోనో కువైట్‌లోనో ఉంటున్నారు. పాడిమీద బతికే చిత్తూరు పల్లెల్లో, మంచం పట్టిన మనిషి ముందు ఆవుల సంగతి ఆలోచించి చికిత్స వాయిదా వేసుకోవడం సహజం. దాన్ని అజ్ఞానమనడం అన్యాయం.

ఈ సమస్యకు దారి చూపే చరిత్ర ఈ నేలలోనే ఉంది. మదనపల్లె సమీపాన ఆరోగ్యవరంలో 1915లో తెరిచిన క్షయ శానిటోరియం దక్షిణాది రోగులను నెలల తరబడి ఆదరించింది. విశ్రాంతి, గాలి, పౌష్టికాహారం తప్ప క్షయకు మరో దిక్కులేని కాలంలో అది గొప్ప సేవ. మందులు వచ్చిన తరువాత, మద్రాసులో 1956లో ఏర్పడిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం ఒక పరీక్ష జరిపింది: పేదల ఇరుకు ఇళ్లలో ఉంటూ మందులు తీసుకున్నవారూ, శానిటోరియంలో మంచి తిండితో విశ్రాంతి పొందినవారూ దాదాపు సమానంగా కోలుకున్నారని 1959లో ఫలితాలు ప్రకటించింది. కుటుంబసభ్యులకు వ్యాధి సోకే ప్రమాదం కూడా పెరగలేదని తేలింది. అయితే ఇంటి చికిత్స అంటే మందుల పొట్లం చేతికిచ్చి పంపడం కాదు. ఇళ్లకు వెళ్లి, మందులు సరిగా తీసుకుంటున్నారో లేదో పరిశీలించిన సిబ్బంది ఆ విజయానికి మూలం. క్యాన్సర్‌లో శస్త్రచికిత్స, రేడియేషన్ ఇంట్లో సాధ్యం కావు. కాని వాటికి ముందు జరగవలసిన పరిశీలన, తరువాత నెలల తరబడి సాగవలసిన సంరక్షణ చాలావరకు ఇంటి దగ్గరే సాధ్యం. ప్రణాళికకు ప్రాణం ఇక్కడే ఉంది.

రేడియేషన్‌నే తీసుకుంటే, నోటి, గొంతు క్యాన్సర్లకు వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాల చికిత్స పరిపాటి. యాత్రికుడికి ఒకటి రెండు రాత్రులు వసతి ఇవ్వడంలో తిరుపతికి తరతరాల అనుభవం ఉంది. తోడుమనిషితో సహా ఏడు వారాలుండే వృద్ధరోగికి వసతి, పథ్యపు భోజనం, ఆసుపత్రికి వాహనం కల్పించడం వేరే పని, దాన్ని చికిత్సలో భాగంగానే లెక్కించాలి. బీమా పథకాలు ప్రధానంగా ఆసుపత్రి లోపలి ఖర్చును భరిస్తాయి. తోడువచ్చిన మనిషి కోల్పోయే కూలిని కుటుంబమే భరించవలసి వస్తుంది. వీలున్నచోట చికిత్సను కుదించడమూ మార్గమే: తొలిదశ రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స తరువాత ఎంపికచేసిన రోగులకు మూడు వారాల్లో పదిహేను విడతలకు బదులు ఒక వారంలో ఐదు విడతలు సరిపోతాయని బ్రిటన్‌లో జరిగిన ఫాస్ట్-ఫార్వర్డ్ పరిశోధన 2020లో చూపింది.

వయసు అంకెను చూసి చికిత్స నిరాకరించడం ఎంత తప్పో, యువకుడికిచ్చే మోతాదును వృద్ధుడికి అలాగే ఇవ్వడమూ అంతే తప్పు. నడక, జ్ఞాపకశక్తి, తిండి, వినికిడి, మూత్రపిండాల పనితీరు, వాడుతున్న ఇతర మందులు, ఇంట్లో తోడు, వీటన్నిటినీ చికిత్సకు ముందే తూచి చూసే పద్ధతిని సమగ్ర వృద్ధాప్య అంచనా అంటారు. దీనికి ఖరీదైన యంత్రం అక్కరలేదు, శిక్షణ పొందిన నర్సు చాలు.

అన్నిటికంటే వెనుకబడినది నొప్పి నివారణ. ఉపశమన వైద్యమంటే వ్యాధి నిర్ధారణ అయిన నాటినుంచే నొప్పి, ఆయాసం, దిగులు వంటి బాధలను తగ్గించే వైద్యం. చివరిరోజులకే పరిమితమైనది కాదు. కోళిక్కోడులో 1993లో చిన్న క్లినిక్‌గా మొదలైన ఈ ప్రయత్నం స్థానిక స్వచ్ఛంద సేవకుల అండతో విస్తరించగా, కేరళ 2008లో దాన్ని ప్రభుత్వ విధానంగా స్వీకరించింది. నొప్పిని తగ్గించే మార్ఫిన్ మందుకు కావలసిన అనుమతుల చిక్కును 2014లో మాదకద్రవ్యాల చట్ట సవరణ చాలావరకు తొలగించింది. తీవ్రమైన నొప్పికి ఇంత చవకైన మందు ఉండగా పల్లెలో ఒక ముసలితల్లి రాత్రంతా మూలగడం సహించదగింది కాదు.

నేడు పట్టాలు అందుకుంటున్న వైద్య, నర్సింగ్, ప్రజారోగ్య విద్యార్థుల్లో కొందరు రేపు కుప్పంలో, సత్యవేడులో, తంబళ్లపల్లెలో పనిచేయబోతున్నారు. అక్కడి ఆసుపత్రుల్లో మార్ఫిన్ మాత్రలు అందేలా, వారానికొకసారైనా నర్సు మంచంపట్టిన రోగి ఇంటికి వెళ్లేలా, తిరుపతిలో చికిత్స ముగిసిన ప్రతి వృద్ధుడి వివరం స్థానిక ఆరోగ్య కేంద్రానికి చేరేలా పట్టుబట్టవలసిందిగా వారందరికీ ఈ వేదిక నుంచి విన్నపం.