కంఠశస్త్రచికిత్సకు ముందు మన కర్తవ్యము
(మహాసభయందు చదువబడిన యుపన్యాసము)



విద్యార్థివసతిగృహమును గూర్చి ముచ్చటింపవలసిన యీ వేదికపై కంఠమునందలి క్యాన్సరును ప్రస్తావించుచున్నందులకు మమ్ము మన్నింపుడు. మన సంఘనిధి శస్త్రచికిత్సలకు తోడ్పడుచునే యున్నది. కాని యా ధనము ఆపరేషను నాటికి చేరుచున్నది. రోగికి దాని యవసరము అంతకు ముందే కలుగుచున్నది.

1873వ సంవత్సరము డిశంబరు 31వ తేదీని వియన్నా నగరమున బిల్‌రోత్ అను వైద్యుడు క్యాన్సరు సోకిన స్వరపేటికను సమూలముగా దీసివేసెను. వ్యాధి తిరుగబెట్టి యా రోగి కొన్ని నెలలకే మరణించెను గాని, మార్గమేర్పడినది. నేడీ శస్త్రచికిత్సవలన మరణించుట యరుదు; గాయము మానకపోవుటయే పెద్దచిక్కు. లోపలి కుట్టు విడి, మ్రింగిన యుమ్మి మెడచర్మమునుండి వెలికి కారును. దీనిని ఫిస్టులా యందురు. అప్పుడు వారములకొలది ముక్కుగొట్టమే గతి. తరువాత నీయవలసిన రేడియేషను ఆలస్యమగును. ఆ యుమ్మి మెడలోని పెద్ద రక్తనాళమును తినివేసినచో ప్రాణాపాయమే.

ముందే రేడియేషను పొందినవారి కీ భయము హెచ్చు. అచటి సూక్ష్మరక్తనాళములు సన్నగిలి గాయమునకు పోషణ చాలదు. అట్టివారికి ఛాతీకండరమును దెచ్చి కుట్టుపై గప్పుదురు. మందగించిన థైరాయిడును మాత్రలతో సరిచేయుదురు. అది వైద్యుల పని. రక్తహీనత, మాంసకృత్తుల లోపము, అదుపుదప్పిన మధుమేహము, చుట్ట - వీనియందు మన చేయియు గలదు.

మా బంధువులలో నొక పెద్ద మూడునెలలు గంజితో గడిపి శల్యావశిష్టుడయ్యెను. ఇంటివారు అప్పుకై తిరుగుచుండిరి. ఆపరేషను ముందునాటి రాత్రి సైతము ఆయన చాటుగా చుట్ట గాల్చెను. పదవనాడు మెడకట్టు తడిసినది. నలువదిదినములు గొట్టముతోనే యుండెను. మేము పరామర్శకు ఫలములు గొనిపోతిమి. ఆయన వానిని మ్రింగజాలడని మాలో నెవరికిని తోచలేదు!

కావున రోగనిర్ణయమైన వారములోనే పాలకు, గ్రుడ్లకు, రక్తపరీక్షలకు, మ్రింగలేనివానికి ముక్కుగొట్టమునకు నిధినుండి ధనమీయవలెనని కోరుచున్నాము. చుట్ట నాడే మానవలెను. నాలుగువారములు ముందుగా మానిన మేలు హెచ్చు. అందులకై ఆపరేషను వాయిదా వేయరాదు. త్రాగుడు గలవాడు దానిని వైద్యునికి దాచరాదు. హఠాత్తుగా మానిన మతిభ్రమ గలుగవచ్చును. ఈ యంశము ఇంటివారే చెప్పుట మేలు, రోగి చెప్పడు.

ఈ మేరకు తీర్మానమును సభ ముందుంచుచున్నాము. పోషకులు బలపరుపవలెనని ప్రార్థన.