గోవా చోరీసు: పేగు తొడుగులో కారం మాంసం

వానలు మొదలవకముందే గోవాలోని కొన్ని క్రైస్తవ కుటుంబాల్లో చోరీసు పని మొదలవుతుంది. 1510లో గోవాను పట్టుకున్న పోర్చుగీసుల నుంచి వచ్చిన వంటకమిది.

కొవ్వు పట్టిన పందిమాంసాన్ని చిన్న ముక్కలు చేసి ఉప్పు పట్టిస్తారు. ఎండుమిర్చి, వెల్లుల్లి, మిరియాలు, లవంగాలు కల్లు వెనిగర్‌తో నూరి, అందులో ఊరబెడతారు.

అసలు నేర్పు పేగు దగ్గరే. ఉప్పులో నిలవచేసిన పేగును నానబెట్టి, లోపలి నుంచి నీళ్లు పోనిస్తే ఉప్పు వదులుతుంది, చిల్లులుంటే బయటపడతాయి. గాలి చొరబడకుండా మాంసం కూరాలి. మరీ బిగిస్తే పేగు చిట్లుతుంది.

ఈ తొడుగు తేమను బయటికి వదులుతుంది, పొగను లోపలికి రానిస్తుంది. అందుకే దారంతో పూసల్లా కట్టి ఎండబెట్టిన చోరీసులు, చేపలు కరువయ్యే వానాకాలం దాకా నిలవుంటాయి. ఉల్లిపాయలతో వండి పావ్‌తో తింటారు.