యాంజియోగ్రామ్‌కు ముందు ఒక రిపోర్టు, తర్వాత ఒక రిపోర్టు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోన్ చేసి "సుబేదార్ సాబ్, ఆరోగ్యం మీద పది నిమిషాలు మాట్లాడాలి" అన్నారు. నేను డాక్టర్ని కానండీ. ఇంటర్మీడియెట్ అయ్యాక ఆర్మీ మెడికల్ కోర్‌లో చేరాను, లక్నోలో ట్రైనింగ్ అయ్యాను, 28 ఏళ్ళు మిలిటరీ ఆసుపత్రుల ల్యాబుల్లో రక్తం పరీక్షలు చేశాను. నాకు తెలిసింది టెస్ట్‌ట్యూబు, రిపోర్టు, అంతే. అందుకని ఆ రిపోర్టు గురించే చెబుతాను. మన వయసు వాళ్ళలో యాంజియోగ్రామ్ చేయించుకున్న వాళ్ళు, స్టెంట్ వేయించుకున్న వాళ్ళు ఈ హాల్లోనే చాలామంది ఉన్నారు. రేపో ఎల్లుండో పాలిక్లినిక్ నుంచి రిఫరల్ తీసుకుని వెళ్ళవలసిన వాళ్ళూ ఉన్నారు.

మా బావగారి సంగతి చెబుతాను. ఆయన అనుమతి తీసుకునే చెబుతున్నాను, వెనక వరుసలోనే కూర్చున్నారు. హవల్దార్‌గా రిటైరై, కొడుకు ఉద్యోగం ఇక్కడ కావటంతో పుణెలోనే స్థిరపడ్డారు. షుగరు 15 ఏళ్ళుగా ఉంది. 2018 నవంబరులో మేడ మెట్లెక్కితే గుండె బిగుసుకుపోయినట్టు ఉంటోందన్నారు. గుండెపోటు కాదు. ఒక ప్రైవేటు ఆసుపత్రికి రిఫరల్ వచ్చింది. పేరు మనకు అనవసరం. అర్ధరాత్రి నుంచి ఏమీ తినొద్దు, తాగొద్దు అన్నారు. పొద్దున 9 గంటలకు అనుకున్నది, ఎమర్జెన్సీ కేసులు రావటంతో సాయంత్రం 5 అయింది. అంతసేపూ ఆ మనిషికి గొంతులోకి చుక్క నీళ్ళు లేవు. రెండు చోట్ల అడ్డంకి ఉందని అదే బల్ల మీద రెండు స్టెంట్లు వేశారు. "సక్సెస్" అన్నారు. మర్నాడు సాయంత్రం ఇంటికి పంపేశారు. మా అక్క వీధిలో అందరికీ లడ్డూలు పంచింది.

నాలుగో రోజు పొద్దున అక్క ఫోన్. "తమ్ముడూ, మీ బావకి కాళ్ళు ఉబ్బాయిరా, నిన్నట్నించీ పాస్ సరిగ్గా రావట్లేదు." వెళ్ళి రక్తం తీయించాను. క్రియాటినిన్ 5.1, పొటాషియం 6.2. ల్యాబులో పనిచేసిన వాడికి ఆ రెండంకెలూ చూస్తే చేతులు చల్లబడతాయి. మూడుసార్లు డయాలిసిస్ చేయించాం. మూడు వారాలకు క్రియాటినిన్ 2.3కి దిగి అక్కడే ఆగిపోయింది.

తప్పు ఎవరిదంటే అందరిదీ ఉంది. నాది ముందు చెప్పుకోవాలి. ప్రొసీజర్‌కు ముందు ఫైలు నా చేతిలోనే ఉంది. క్రియాటినిన్ 1.6, పక్కన నక్షత్రం గుర్తు. హిమోగ్లోబిన్ 11. చూశాను. "పెద్ద డాక్టర్లు, చూసే ఉంటార్లే" అనుకుని ఫైలు మూసేశాను. ఆ ఫైలు మూసిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఇక బావగారి తప్పు: ఏమేం మందులు వాడుతున్నారని నర్సమ్మ అడిగితే షుగరు గోలీ ఒక్కటే అన్నారు. మోకాళ్ళ నొప్పికి రోజూ రెండుపూటలా మింగే గోలీ ఆయన లెక్కలో మందే కాదు! ఎం.ఐ. రూమ్ రోజుల నుంచి మనకున్న అలవాటే ఇది. ఇంటికొచ్చాక కూడా ఆ గోలీ మానలేదు.

అసలు ఏం జరుగుతుందో చూడండి. గుండె రక్తనాళాలు ఎక్స్‌రేలో కనబడటానికి అయోడిన్ ఉన్న ఒక ద్రవాన్ని ఎక్కిస్తారు, మనం "డై" అంటాం. అది దాదాపు మొత్తం కిడ్నీ దారినే బయటికి పోతుంది. కిడ్నీ బాగుంటే పోతుంది. అప్పటికే నీరసించి ఉంటే, పైగా ఒంట్లో నీళ్ళు తక్కువై, నొప్పి గోలీలు కూడా తోడైతే, దెబ్బ తింటుంది. మోసం ఎక్కడంటే, ఆ దెబ్బ ఆ రోజు తెలియదు. క్రియాటినిన్ 24 నుంచి 48 గంటల్లో పెరగటం మొదలై, 3 నుంచి 5 రోజుల్లో పైకి పోయి, చాలామందిలో 7 నుంచి 10 రోజుల్లో దిగిపోతుంది. మర్నాటికే డిశ్చార్జ్ అయిన మనిషి రక్తం ఎవరు చూస్తారు? మనమే చూపించుకోవాలి.

క్రియాటినిన్ అనేది కండరాల నుంచి వచ్చే వ్యర్థం. నేను చేరిన కొత్తలో పిక్రిక్ యాసిడ్ కలిపి చూసేవాళ్ళం. పసుపు రంగు నారింజకు తిరిగేది, ఎంత తిరిగితే అంత క్రియాటినిన్. ఆర్టిలరీ సోదరులు నవ్వొద్దు, ఒకప్పుడు ఫిరంగి గుండ్లలో నింపింది కూడా ఆ పిక్రిక్ యాసిడ్‌నే! కండరం నుంచి వచ్చేది కాబట్టి ఒకే అంకె అందరికీ ఒకటి కాదు. కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనే ఇద్దరు 1976లో ఒక లెక్క ఇచ్చారు. 140లో వయసు తీసేసి, బరువుతో గుణించి, 72 రెట్ల క్రియాటినిన్‌తో భాగించాలి. ఆడవాళ్ళకైతే వచ్చినదాన్ని 0.85తో గుణించాలి. క్రియాటినిన్ 1.2 అనుకోండి. 30 ఏళ్ళ, 70 కిలోల జవానుకు 89 వస్తుంది, దాదాపు మంచి కిడ్నీ. అదే 1.2 మీ ఇంట్లో 70 ఏళ్ళ, 45 కిలోల అమ్మగారికైతే 31. అంటే కిడ్నీ పని మూడో వంతుకు పడిపోయినట్టు. "1.2యే కదా, నార్మల్" అని ఎవరైనా అంటే వయసు, బరువు అడగండి.

ఇంకో లెక్క ఉంది, బావగారి అనుభవం అయ్యాక చదివి తెలుసుకున్నాను. న్యూయార్క్‌లోని గుండె వైద్యురాలు రొక్సానా మెహ్రాన్ బృందం 2004లో ప్రచురించింది. ఎనిమిది విషయాలకు మార్కులు. షుగరుకు 3, రక్తహీనతకు 3, క్రియాటినిన్ 1.5 దాటితే 4, వయసు 75 దాటితే 4, గుండె బలహీనతకు 5, బీపీ పడిపోతే 5, గుండెకు ఆసరాగా బెలూన్ పంపు పెట్టవలసివస్తే 5, ఎక్కించిన డై ప్రతి 100 మిల్లీలీటర్లకు 1. బావగారికి వేసి చూశాను. షుగరు 3, రక్తహీనత 3, క్రియాటినిన్ 4, డై 250 మిల్లీలీటర్లు కాబట్టి 2. మొత్తం 12. ఆ అధ్యయనంలో 11 నుంచి 16 మార్కుల వాళ్ళలో నూటికి 26 మందికి కిడ్నీ దెబ్బతింది. డయాలిసిస్ దాకా పోయింది నూటికి ఒకరే. ఆ ఒకరు మన ఇంట్లో ఉన్నప్పుడు నూరు మనకు లెక్కలోకి రాదు. 2021లో ఆవిడే ఈ లెక్కను సవరించి కొత్తది ఇచ్చారు. పాతదయితే నాలాంటి వాడు కాగితం మీద వేసుకోవచ్చు. అందులో మూడు, అంటే హిమోగ్లోబిన్, క్రియాటినిన్, షుగరు, మామూలు రక్తపరీక్షలే.

ముందే తెలిస్తే డాక్టర్లు చేయగలిగింది చాలా ఉంది. ముందూ తర్వాతా సెలైన్ ఎక్కిస్తారు. దీనికి ఖరీదైన మందు అక్కర్లేదు. ఎసిటైల్‌సిస్టీన్ అనే మందు ఏళ్ళ తరబడి ఇచ్చారు, దాదాపు 5,000 మంది మీద చేసిన పరీక్షలో ఉత్త గోలీ కంటే ఏమీ మేలు చేయలేదని తేలింది. డై తక్కువ వాడతారు. తొందర లేని కేసయితే ఈరోజు యాంజియోగ్రామ్ చేసి, కిడ్నీ కుదుటపడ్డాక స్టెంట్ వేస్తారు. నొప్పి గోలీలు ఆపిస్తారు. మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళు తప్పకుండా చెప్పాలి. కిడ్నీ బలహీనంగా ఉంటే 48 గంటలు ఆపి, క్రియాటినిన్ చూసి మళ్ళీ మొదలుపెడతారు. స్టెంట్ పడ్డాక ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి మాత్రం ఎవరూ సొంతంగా ఆపొద్దు. స్టెంట్ మూసుకుపోతుంది.

మిగతా రెండు పరీక్షలు క్లుప్తంగా. హిమోగ్లోబిన్ ముందు ఎంతో, తర్వాత ఎంతో చూడాలి. తొడ దగ్గర నుంచి గొట్టం వేసిన వాళ్ళలో ఒక్కోసారి రక్తం బయటికి కనబడకుండా పొట్ట వెనక్కి కారుతుంది. నడుం నొప్పి, కళ్ళు తిరగటం, హిమోగ్లోబిన్ తగ్గటం, ఇవే గుర్తులు. ట్రోపోనిన్ అయితే గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రోటీన్. స్టెంట్ వేశాక కాస్త పెరగటం మామూలే. ముందు నార్మల్‌గా ఉండి, తర్వాత పైహద్దుకు 5 రెట్లు దాటి, ఈసీజీలోనో మరో పరీక్షలోనో కూడా మార్పు కనబడితేనే దాన్ని ప్రొసీజర్ వల్ల వచ్చిన గుండెపోటు అంటారు. 2018 అంతర్జాతీయ నిర్వచనం అదే. ముందు రిపోర్టు లేకపోతే తర్వాతి దానికి అర్థం చెప్పటం కష్టం.

ఒక మాట గట్టిగా చెప్పాలి. గుండెపోటు వచ్చిన మనిషిని క్రియాటినిన్ రిపోర్టు కోసం ఆపకూడదు. అక్కడ ప్రతి నిమిషం కండరమే. రక్తం తీసి పంపి, పని కానివ్వాలి, కిడ్నీని తర్వాత చూసుకుంటారు. నేను చెప్పిందంతా తారీఖు ఇచ్చి పిలిచే కేసుల గురించి. నా మాట విని భయపడి యాంజియోగ్రామ్ మానేసేవాళ్ళు ఉంటే నేను ఇక్కడికి రాకుండా ఉండాల్సింది. బావగారు ఇవాళ మెట్లెక్కుతున్నారంటే ఆ స్టెంట్ల వల్లే.

వెళ్ళేటప్పుడు డాక్టరుగార్ని రెండే ప్రశ్నలు అడగండి. "సార్, నా క్రియాటినిన్‌కు ఈ డై ఫర్వాలేదా?" "మళ్ళీ ఎప్పుడు చూపించుకోవాలి?" రెండో దానికి జవాబు సాధారణంగా 48 నుంచి 72 గంటలు. ముందు రిపోర్టు కంటే 0.3 పెరిగినా ఫోన్ చేయాలి. డిశ్చార్జ్ కాగితం మీదే ఆ తారీఖు రాయించుకోండి. ఎవరూ కోప్పడరు. మన వాళ్ళకు ఆఫీసర్ని ప్రశ్న అడగటం అంటే మొహమాటం. ఆ మొహమాటం యూనిఫామ్‌తో పాటే పెట్టెలో పెట్టేయాలి.

బావగారు ఇప్పుడు చిన్న డైరీ పెట్టుకున్నారు. మూడు నెలలకోసారి క్రియాటినిన్, హిమోగ్లోబిన్, షుగరు, తారీఖు వేసి రాస్తారు. పోయిన నెల 2.2. రాసిన వెంటనే నాకు ఫోన్ చేసి, "ఏమోయ్ ల్యాబ్ సాబ్, చూసి ఫైలు మూసేయకు" అంటారు. టీ విరామంలో ఆ డైరీ చూడాలనుకున్న వాళ్ళకు చూపిస్తానన్నారు. కాలిక్యులేటర్ నా దగ్గర ఉంది. మీ వయసు, బరువు, ఆఖరి క్రియాటినిన్ చెబితే అంకె వేసి ఇస్తాను, అది తీసుకుని మీ డాక్టరుగారి దగ్గరికి వెళ్ళండి.

జైహింద్.