సర్ ఆర్థర్ గోర్డన్ – ఫిజీ ద్వీపముల గవర్నరు



ప్రపంచపటమున ఫిజీ ద్వీపములు ఆవగింజలవలె కనబడును. 1874లో అచ్చటి నాయకులు దేశమును బ్రిటిషు రాణి కప్పగించిరి. మరుసటి యేట గవర్నరుగా వచ్చినవాడు సర్ ఆర్థర్ గోర్డన్. బ్రిటిషు ప్రధానమంత్రిగా నుండిన అబర్డీన్ ప్రభువు కుమారుడు; జననము 1829. ట్రినిడాడు, మారిషసులను అంతకు మున్నే పాలించెను. మారిషసు చెరకుతోటల భారతీయ కూలీలు 1871లో తమ బాధలు విన్నవించుకొనగా, విచారణ జరుగవలెనని పట్టుబట్టినవాడాయనయే. ఆ ద్వీపమున మన కోరంగి రేవునుండి వెళ్లిన తెలుగువారును గలరు.

ఆయన ఫిజీ చేరిన యేటనే తట్టు సోకి సుమారు 40,000 మంది ఫిజీయనులు మరణించిరి. మిగిలినవారినైనను కాపాడనెంచి, వారి భూములు పరుల చేత పడకుండ కట్టడి చేసెను. పన్నును రొక్కముగా గాక పంటరూపమున గైకొనెను. నేటికిని అచ్చట నూటికి ఎనుబదిపాళ్లకు మించిన భూమి ఫిజీయనులదే. రైతుబిడ్డలమగు మనకు దాని విలువ వేరుగ చెప్పవలెనా?

అయితే చెరకు నరుకువారెవరు? ఫిజీయనులను తోటలకు తోలనొల్లక, ఆయన మన దేశమువంక చూచెను. 1879 మే 14న లియోనిడాస్ అను ఓడ కలకత్తానుండి తొలి కూలీలను చేర్చెను. 1903 మొదలు మదరాసు ఓడలలో తెలుగువారును పోయిరి. మారిషసున కూలీల కన్నీరు కన్నవాడే వారిని రప్పించుట నాకు మింగుడుపడదు. ఒకరి నేలను నిలుపుటకు నేల లేని మరియొక జాతిని తెచ్చి నిలిపెను.

అటుపిమ్మట న్యూజిలాండు, సింహళములను పాలించి, గోర్డన్ 1912లో మరణించెను. కూలీలు 'గిర్మిట్' అని పిలిచిన ఆ ఒప్పందములు 1920 వరకు రద్దు కాలేదు.