మొదటి రాయి



ఈమధ్య మా అమ్మాయి ఇటలీలో పాంపీ చూపించింది. అక్కడి ఆంఫీథియేటర్‌ను క్రీ.పూ. 70 ప్రాంతంలో, గ్లాడియేటర్ల పోరాటాల కోసం రాతితో కట్టారు. క్రీ.శ. 59లో పోటీలు చూడడానికి పొరుగూరు నుకేరియా వాళ్లూ వచ్చారు. ఎగతాళి మాటలతో మొదలైన గొడవ రాళ్లదాకా, కత్తులదాకా పోయింది. ఎందరో చనిపోయారు. రోమ్ సెనేట్ ఆ ఊళ్లో 10 ఏళ్లపాటు అలాంటి పోటీలు నిషేధించింది.

ఆ మెట్ల మీద కూర్చుంటే మన కబడ్డీ ఫైనల్ గుర్తొచ్చింది. పొరుగూరి బడి పిల్లల మీద మొదటి రాయి వేసింది నేనే. మాస్టారు అడిగితే నోరు మెదపలేదు. జట్టంతా బెత్తం దెబ్బలు తింది. ఇన్నేళ్లకు ఒప్పుకుంటున్నాను, మన్నించండి.

జూబిలీ కబడ్డీకి ఆ బడివాళ్లనూ పిలుద్దాం. పిలుపు నేనే పట్టుకెళ్తాను.